జనగామల ఎక్కు, తొర్రూర్ల దిగు

మొన్న నర్మెట్ట పోదామని జనగామ బస్టాండులో కూర్చున్నాను. నా బస్సు రాలేదు. పక్కన ఆగిన బస్సు మెట్టు మీద నిలబడి కండక్టరమ్మ "దేవరుప్పుల, పాలకుర్తి, తొర్రూర్... తొర్రూర్" అని పిలుస్తోంది. ఆమె మొదలుపెట్టగానే నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. తొర్రూరు అనేదాకా పట్టుకుని, అన్నాక వదిలాను. పక్కన కూర్చున్న ఆవిడ నా మొహంలోకి చూసి "ఏమైందక్కా, దమ్ము వస్తున్నదా?" అని అడిగింది.

నాకు దమ్ము లేదు. నా మనవరాలికి ఉంది. మా వియ్యపురాలికి ఉండేది. నాకున్నదల్లా ఆ వియ్యపురాలంటే కుళ్లు. ఆమె పోయి ఏడాది కావస్తోంది, అది మాత్రం తగ్గలేదు.

ఆమె పేరు చెప్పను. చెబితే ఆమెను ఇంకో మెట్టు పైకెక్కించినట్టు అవుతుంది. ఇప్పటికే చాలామంది ఎక్కించారు. ఆమె మా కోడలి తల్లి. మేమిద్దరం ఒకరినొకరం వదినె అని పిలుచుకున్నాం. పిలుపులో ఏ లోపమూ రానివ్వలేదు, లోపల సంగతి వేరు.

తొర్రూరు దాటి కొద్ది దూరంలో వాళ్ల ఊరు. వాళ్లాయన భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాక ఊరికి వచ్చి మిరప తోట పెట్టుకున్నారు. తన దమ్ము అక్కడి బొగ్గు దుమ్ముతో పట్టిందని ఆమె అనేది. కాదు, మా అమ్మమ్మకూ ఉండేదని మా కోడలు అనేది. మా వైపు ఉబ్బసాన్ని దమ్మనే అంటారు. దమ్మంటే ధైర్యం కూడా కదా. ఆమె ఆ రెండింటినీ కలిపి వాడుకునేది. "నాకు దమ్మున్నది వదినె, గందుకే ఎవ్వనికి భయపడ" అని పెద్దగా నవ్వేది. నవ్వు సగంలోనే దగ్గయ్యేది. ఆ దగ్గు ఆగేదాకా చుట్టూ ఉన్నవాళ్లు మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని నిలబడేవాళ్లు. మా ఇంట్లో నేను రాత్రంతా దగ్గినా తల తిప్పి చూసినవాళ్లు లేరు.

మనిషి పొడుగు. గొంతు పెద్దది. రెండు చేతులకూ నిండుగా మట్టిగాజులు. ఆమె వీధి మలుపు తిరుగుతుండగానే ఆ గాజుల చప్పుడు మా వంటింట్లోకి వచ్చేది, సిరి పలక అక్కడే పడేసి వాకిట్లోకి ఉరికేది.

ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు, ఊరికే పోవచ్చన్నప్పుడు ఊరంతా సంబరపడింది. నేనూ పడ్డాను. అది మా వియ్యపురాలికి కూడా వర్తిస్తుందని అప్పుడు తోచలేదు. అంతకు ముందు పండక్కో పెళ్లికో వచ్చేది. ఆ తర్వాత చిక్కుడు కాసినా వచ్చేది, కోడి పిల్లల్ని లేపినా వచ్చేది. బస్సులో కిటికీ పక్క సీటు కావాలి ఆమెకు. ఖాళీ లేకపోతే "జర ఇటు జరుగు బిడ్డా, నాకు దమ్మున్నది, గాలి రావాలె" అని కూర్చున్నవాళ్లను లేపేది. లేచినవాళ్లే జనగామలో ఆమె సంచి మోసి ఆటో ఎక్కించేవాళ్లట. ఈ మాట ఆమే చెప్పేది, నేను చూడలేదు.

సిరి నా కొడుకు కూతురు. బడిలో వేసిన ఏడు చలికాలమంతా దగ్గింది. జలుబే అనుకున్నాం. ఆడుకుంటూ ఆడుకుంటూ కూలబడిపోయేది, పడుకుంటే ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. పిల్లల డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, ఆస్తమా అని చెప్పి, రెండు ఇన్‌హేలర్ పంపులూ వాటికి తగిలించే ప్లాస్టిక్ డబ్బా ఒకటీ ఇచ్చాడు. నారింజ రంగు పంపు పొద్దునా సాయంత్రం, పిల్ల బాగున్నా సరే బాగా లేకపోయినా సరే. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు. నేరుగా నోట్లో కొడితే మందు నాలుకకే అంటుకుంటుందట, డబ్బాకు తగిలించి కొడితే ఛాతీలోకి దిగుతుందట. పంపు అలవాటైతే ఇక మానదని వీధిలో ఇద్దరు ముగ్గురు అన్నారు. అలవాటయ్యేది ఆయాసమే, మందు కాదని డాక్టరు చెప్పిన మాటే వాళ్లకు చెప్పి పంపించాను.

కొడుకూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకు పోతారు. పంపు నా చేతికొచ్చింది. నేను ఉద్యోగమంతా బడిలో తెలుగు చెప్పినదాన్ని. ఒక పిల్లతో మందు పీల్పించలేనా అనుకున్నాను. పంపు ఊపి, డబ్బాకు పెట్టి, దాని మూతి డబ్బా చివర ఆనించి, "గాలి పీల్చమ్మా" అనేదాన్ని. అది మూతి అక్కడే ఉంచి ముక్కుతో పీల్చేది, మల్లెపువ్వు వాసన చూసినట్టు. మందంతా డబ్బాలోనే ఉండిపోయేది. "నోటితో పీల్చు" అంటే బిత్తరపోయి డబ్బాలోకి ఊదేది. పీల్చడమంటే ముక్కు పనే దానికి. ఇద్దరం చెమటలు కక్కేవాళ్లం, ఆఖరికి అది ఏడ్చేది.

అట్లాంటి ఒక పొద్దున ఆమె చిక్కుడుకాయల సంచితో దిగింది. గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏందే వదినె, పోరికి పువ్వు వాసన సూపెడ్తున్నవా?"

నన్ను తుంటితో పక్కకు జరిపి కూర్చుంది. పంపు తీసుకుని ఊపింది. గాజులన్నీ మోగాయి. సిరి ఏడుపు ఆపి ఆ చేతినే చూసింది.

"గుంజు బిడ్డా. కొబ్బరినీళ్లు స్ట్రాతోని గుంజుతవ్ సూడు, గట్ల. ఆగమాగం గాదు, మెల్లగ. ఇంకింత. ఇగ మూతి ముయ్యి."

అది గుంజింది. అంతే. పీల్చడం, గుంజడం ఒకటేనని నేను అన్నేళ్లు పిల్లలకు అర్థాలు రాయించాను. నా మనవరాలి ఛాతీకి మాత్రం రెండో మాటే దారి చూపించింది, అదీ ఆమె నోట్లోంచి వచ్చిన మాట.

గుంజాక ఊపిరి కాసేపు లోపల ఆపాలి. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. లెక్క అనగానే దానికి బడి గుర్తొచ్చి నోరు తెరిచేది. ఆమె లెక్కపెట్టలేదు. బస్సు నడిపింది.

"జనగామల ఎక్కినవ్. దేవరుప్పుల వచ్చింది, దిగకు. పాలకుర్తి వచ్చింది, దిగకు, గది మన ఊరు గాదు. అగో, తొర్రూర్... దిగు దిగు."

సిరి బుగ్గలు పొంగించి పట్టుకున్న ఊపిరి వదిలి పకపకా నవ్వింది. తర్వాత గ్లాసుతో నీళ్లిచ్చి పుక్కిలించి ఉమ్మమంది. నారింజ పంపు కొట్టుకున్నాక పుక్కిలించకపోతే నోరు పూస్తుంది. ఆ సంగతి నాకూ తెలుసు, నేనూ చెప్పేదాన్నే. పుక్కిలించడంలో పోటీ పెట్టాలని మాత్రం తోచలేదు. ఇద్దరూ వాకిట్లో నిలబడి ఎవరి నీళ్లు ఎంత దూరం పడతాయో చూసుకున్నారు.

ఆమె తెల్లారి వెళ్లిపోయింది. బస్సు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దునా సాయంత్రం మందిచ్చేది నేనే, డబ్బా పట్టుకునేది నేనే. నా అరుగు మీద కూర్చుని, నా చేతి మందు గుంజి, పిల్ల రోజూ జనగామలో ఎక్కి తొర్రూరులో అమ్మమ్మ దగ్గర దిగేది. కళ్లలో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఒకసారి ఉండబట్టలేక బస్సు తిప్పాను. తొర్రూరులో ఎక్కించి, పాలకుర్తి, దేవరుప్పుల మీదుగా జనగామలో దింపుదామనుకున్నాను. పాలకుర్తి దాటకముందే అది ఊపిరి వదిలేసింది.

"తప్పు బస్సు ఎక్కించినవ్ నాయినమ్మా. మనం ఉన్నది జనగామల గదా."

మళ్లీ పంపు ఊపి జనగామలోనే ఎక్కించాను.

పంపులకు పేర్లు పెట్టింది కూడా ఆమే. ఒక ఆదివారం అందరం అన్నం తింటున్నాం. నీలం పంపు కొట్టగానే పిల్ల తేలికపడుతుంటే ఇంక రోజూ ఈ నారింజది ఎందుకని నా కొడుకు అడిగాడు. నేను జవాబు చెప్పబోయాను. డాక్టరు చెప్పిందంతా నాకు గుర్తుంది, ఊపిరిగొట్టాల వాపు దగ్గర మొదలుపెట్టాను. ఆమె చేత్తో ఆపింది.

"అల్లుడా, గిది ఇను. నారింజది కోడలు. నీలిది అల్లుడు. కోడలు రోజు పనిజేస్తది. పొద్దుగాల లేస్తది, ఊడుస్తది, బోళ్లు తోముతది. సేసినట్టు ఎవ్వరికి కనవడది. ఒక్క దినం పండుకుంటె సూడు, ఇల్లంత కనవడతది. అల్లుడు గట్ల గాదు. పిలిస్తెనే వస్తడు. వచ్చిన్నాడు కోడిని కోసుడే, అందరు ఆయన సుట్టే. మంచోడే, కాదన. గని అల్లుడు మాటిమాటికి ఇంటికొస్తున్నడంటె ఏందన్నట్టు? ఇంట్ల ఏదో కొట్లాట నడుస్తున్నట్టు. జల్ది దవాఖానకు పోవాలె."

నా కొడుకు పొలమారేలా నవ్వాడు. మా కోడలు "అయితె నన్ను పంపు లెక్క వాడుతున్నరా అత్తమ్మా?" అని నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను, ఏడవలేక. నేను ఊపిరిగొట్టాల దగ్గరే ఆగిపోయాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో నారింజ పంపును ఒక్క పొద్దు కూడా ఎవరూ మరిచిపోలేదు. "కోడలు లేచిందా?" అని సిరే అడిగేది.

నాకు చేతనైంది ఒకటుంది, శుభ్రం. ఆ డబ్బాను వారానికోసారి గిన్నెల పొడి వేసి, పీచుతో లోపలంతా తోమి, మెత్తటి గుడ్డతో తుడిచి, అద్దంలా పెట్టేదాన్ని. ఆమె వచ్చినప్పుడు కావాలనే ఆమె కళ్లబడేలా కిటికీలో పెట్టాను. ఆమె దాన్ని ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది.

"మంచిగ తోమినవ్ వదినె. గని దీన్ని తుడవద్దంట. తుడిస్తె మందు డబ్బ గోడలకే అంటుకుంటదంట, పోరి దాంక రాదంట. సబ్బునీళ్లల్ల ముంచి, తీసి, గట్లనే ఆరవెట్టాలె. ఇత్తడి బిందె గాదు గదా గిది."

అది నిజమేనని డాక్టరు కూడా చెప్పాడు. పోనీ ఆమె అంతటితో ఊరుకుందా? ఆ సాయంత్రం పక్కింటివాళ్లు వస్తే "మా వదినె తోమిందంటె ప్లాస్టిక్ గూడ వెండి గావాలె" అని మెచ్చుకుంది. మెచ్చుకోవడంలో కూడా నన్ను బోళ్లు తోమేదాన్ని చేసి వాకిట్లో నిలబెట్టింది.

ఇంకో సంగతి. పిల్ల కాస్త నలతగా ఉంటే ఆమె దాన్ని ఒళ్లో బోర్లా వేసుకుని వీపు మీద చెవి ఆనించేది. కళ్లు మూసుకుని వినేది. "పిల్లి పండుకున్నది" అనో, "పిల్లి మెల్లగ లేస్తున్నది, ఒక కన్ను దెరిసింది" అనో చెప్పేది. ఆ చెప్పినది దాదాపు తప్పేది కాదు. ఆమె లేనప్పుడు నేనూ చెవి ఆనించి చూశాను. సిరి వీపు ముడుచుకుని "నీ చెవి సల్లగుంటది నాయినమ్మా" అంది. ఆ తర్వాత చాలాసార్లు ఎవరూ చూడకుండా అరచేతితో చెవి రుద్దుకుని వెచ్చ చేసుకుని వెళ్లేదాన్ని. అయినా నాకు పిల్లి మాట వినిపించేది గానీ అది పడుకుందో లేచిందో తెలిసేది కాదు.

ఆమె పోకముందటి ఎండాకాలం మొదట్లో జరిగిందే నన్ను ఎక్కువ కాల్చింది. పక్కింట్లో కారం పట్టించడానికి మిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటు మా ఇంట్లోకి వచ్చేసరికి సిరికి దగ్గు మొదలైంది, మాట రాకుండా ఛాతీ ఎగిరిపడుతోంది. నీలం పంపు ఎప్పుడూ తలుపు వెనక సంచిలో ఉంటుంది, అది నేను పెట్టిన పద్ధతే. నేను కిటికీలు మూసి వచ్చేలోపు, ఆ రోజే దిగిన వియ్యపురాలు సంచి అందుకుంది. పిల్లను నిటారుగా కూర్చోబెట్టింది. గాజులు మోగాయి. "అల్లుడు వచ్చిండు బిడ్డా, ఇగ భయం లేదు. గుంజు." ఒకసారి కొట్టి, బస్సును తొర్రూరు దాకా తీసుకుపోయి, కాస్త ఆగి, మళ్లీ ఊపి, మళ్లీ ఎక్కించింది. నాలుగో బస్సు తర్వాత పిల్ల పెదవులకు రంగు వచ్చింది, "అమ్మమ్మా, నీళ్లు" అంది. వేయింపు ఆపి పరిగెత్తుకొచ్చిన పక్కింటివాళ్లు "అమ్మమ్మ ఉండంగ సరిపోయింది, లేకుంటె ఏమయ్యేదో" అన్నారు. నేను డబ్బా మూత చేతిలో పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఆ నీళ్ల గ్లాసు కూడా ఇంకెవరో అందించారు.

అప్పుడు అర్థమైంది నాకు. మా ఇంట్లో నారింజ పంపును నేను. పొద్దునా సాయంత్రం ఉన్నదాన్ని, ఉన్నట్టు కనబడనిదాన్ని. ఆమె నీలం పంపు. వచ్చిన రోజే పండగ. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ తర్వాత సిరిని చూపించడానికి పోతే డాక్టరు సంతోషపడ్డాడు. ఆయాసం బాగా తగ్గింది, రోజు మందు తప్పకుండా ఇస్తున్నట్టున్నారు, పద్ధతి ఎవరు నేర్పారు అని అడిగాడు. నేను పమిట సర్దుకున్నాను. మా కోడలు "మా అమ్మ నేర్పింది సార్" అంది. అబద్ధం కాదు అది. సర్దుకున్న పమిటనే మళ్లీ సర్దుకున్నాను. ఎవరూ అది గమనించలేదు.

ఇంత తెలిసిన మనిషి తన మందు ఎట్లా వాడుకునేదో నాకు కార్తీకంలో తెలిసింది. మా ఇంట్లోనే ఉంది. సిరికి మందిచ్చి, నీ సంగతేంటి వదినె అని అడిగాను. రవికెలోంచి నీలం పంపు తీసి చూపించింది.

"ఇది అల్లుడు గదా. నీ కోడలేది?"

"ఇయ్యాల ఒక్కపొద్దు వదినె."

"ఒక్కపొద్దుకు, పంపుకు ఏం సంబంధం?"

"కొట్టుకున్నంక నోరు పుక్కిలియ్యాలె గదా. నీళ్లు నోట్లె పోసినంక ఇంకేం ఒక్కపొద్దు?"

సోమవారం ఒక్కపొద్దు, గురువారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు. కార్తీకంలో అయితే చెప్పనే అక్కర్లేదు. వారంలో సగం రోజులు కోడలు పడుకునే ఉంటోందన్నమాట. మిగిలిన రోజులు మాత్రం లేస్తోందా అని అడిగితే మాట మార్చింది. ఛాతీ పట్టినప్పుడల్లా నీలిది కొట్టుకుని తిరుగుతోంది.

"పుక్కిలించి ఉమ్మేస్తే ఒక్కపొద్దు ఎటుపోతది వదినె? మందుకు పట్టింపు లేదని అయ్యగారే చెప్తడు. కోడలు పండుకుంటె ఇల్లు ఆగమైతదని నువ్వే చెప్తివి గదా."

ఆమె నవ్వలేదు. చిక్కుడుకాయ ఒలుస్తూ అంది:

"చెప్పెటోళ్లం మస్తు చెప్తం. మా ఇంట్ల కోడలు యాడిది వదినె? ఉన్న ఒక్క బిడ్డను నీకిస్తిని. పొద్దుగాల లేసినకాడికెళ్లి నీ ఇంట్ల తిరుగుతది, నీకు చాయ్ పోస్తది. నాకు అల్లుడే మిగిలె. అల్లునితోనే ఎల్లదీస్త తియ్యి."

ఆ మాటకు నాకు జాలి వేసింది. నిజంగానే వేసింది. దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది, దాచను. ఆమెకు లేనిది నా దగ్గర ఒకటుందని, అది ఆమె నోటితోనే విన్నానని లోపల చల్లబడింది. ఆ సాయంత్రం మా కోడలు చాయ్ తెచ్చిస్తే ఆమె ముందు కొంచెం నెమ్మదిగా తాగాను.

అయితే ఊరుకోలేదు. మా కోడలికి చెప్పాను. కోడలు తల్లిని గట్టిగా మందలించింది, డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయనా పుక్కిలించి ఉమ్మేయమనే చెప్పాడు. ఆమె అందరికీ "సరే" అంది. సరే అనడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "కోడలు లేచిందా?" అని అడిగేదాన్ని. "లేచింది, ఊడుస్తున్నది" అనేది. ఫోనులోంచి పిల్లికూతలు వినిపించేవి నాకు. ఆమె ఛాతీలో పిల్లి లేచే ఉందని మాత్రం నాకు ఏ చెవీ ఆనించకుండానే తెలిసేది.

మాఘంలో మిరపకాయలు కల్లానికి వచ్చాయి. అవి ఎండబోసేటప్పుడు, తొడిమలు తీసేటప్పుడు లేచే ఘాటుకు మామూలు మనుషులే మూతికి గుడ్డ కట్టుకుంటారు. ఆమె కల్లానికి పోవద్దని అందరం చెప్పాం, సరే అంది. ఒక శనివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. కల్లంలో కూలబడిందట. "అల్లున్ని పిలువుండ్రి" అన్నదట. ఏ అల్లుణ్ణి పిలిచిందో ఎవరికీ తెలియదు. నీలం పంపు అప్పటికే ఆమె గుప్పిట్లోనే ఉంది, ఎన్నిసార్లు కొట్టుకున్నా నిలవలేదట. మా వాడు కారు తీసుకుని ఉరికాడు. ఊళ్లోవాళ్లు అప్పటికే ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకొస్తున్నారు. ఆటో తొర్రూరు చేరేసరికి ఆమె ఊపిరి వదిలేసింది.

ఆ రోజు ఒక్కపొద్దేనని తర్వాత తెలిసింది. ఆమెతో నేను గెలిచిన వాదన అదొక్కటే. దాన్ని ఎవరి ముందూ అనలేను.

నేను ఏడ్చాను. మనసారా ఏడ్చాను. ఏడుస్తూనే చూశాను, చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయి. బస్సులో ఆమెకు సీటిచ్చినవాళ్లు కూడా వచ్చారని ఎవరో అన్నారు. నేను పోయినప్పుడు ఇంతమంది వస్తారా అని ఆ ఏడుపులోనే అనుకున్నాను. మనిషి బుద్ధి అట్లా ఉంటుంది, లేదా నాదే అట్లా ఉంటుంది.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి చేను దగ్గరికి పోయాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకి కోసం చూస్తాం కదా. కోడికూర పెట్టారు, గారెలు పెట్టారు, ఆకూ వక్కా పెట్టారు. ఊదు పొగ వేశారు. అవతలి చేన్లో ఎవరో పత్తికట్టె కాలబెట్టారు, గాలి ఇటే ఉంది. సిరి నా కొంగు పట్టుకుని గుంజింది. చూస్తే మెడ దగ్గర గుంట పడుతోంది, భుజాలు ఎగురుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నారు అందరూ. నాకు తెలిసిపోయింది.

మా కోడలు తల్లి విస్తరి ముందు కూలబడి ఉంది. లేచే స్థితిలో లేదు. నా కొడుకును కారు తిప్పి పెట్టమన్నాను, తగ్గకపోతే ఆగకుండా దవాఖానకే పోదామన్నాను. పిల్లను పొగకు దూరంగా బోరింగు దగ్గరికి తీసుకుపోయి గట్టు మీద నిటారుగా కూర్చోబెట్టాను. సంచి నా భుజానికే ఉంది. నీలం పంపు తీసి ఊపాను. నా చేతికి ఒక్కటే గాజు, అదీ బంగారుది, చప్పుడు కాలేదు. సిరి కళ్లు ఆ చప్పుడు కోసమే వెతికాయి. లేదని తెలిసి ఏడుపు అందుకోబోయింది. ఏడిస్తే ఆ కాస్త ఊపిరీ పోతుంది.

నా నోట్లోంచి నాది కాని మాట వచ్చింది.

"గుంజు బిడ్డా. మెల్లగ. ఇంకింత. మూతి ముయ్యి."

గుంజింది. మూతి మూసింది. ఇప్పుడు బస్సు నడపాలి. జనగామ అనబోయి ఆగాను. మేము జనగామలో లేము.

"తొర్రూర్ల ఎక్కినం. పాలకుర్తి వచ్చింది, దిగకు. దేవరుప్పుల వచ్చింది, దిగకు, ఇంక జరంత దూరమే. జనగామ... దిగు దిగు."

దిగింది. కాస్త ఆగి మళ్లీ ఊపాను, మళ్లీ తొర్రూరులో ఎక్కించాను. ఇంకోసారి. ఇంకోసారి. వెనకాల కాకి ముట్టిందని ఎవరో అరిచారు, ఏది ముట్టిందో నేను తిరిగి చూడలేదు. మెల్లగా పిల్ల భుజాలు కిందికి దిగాయి. మెడ దగ్గర గుంట పోయింది. చెవి రుద్దుకుని వెచ్చ చేసుకుని దాని వీపు మీద ఆనించాను. అది వీపు ముడుచుకోలేదు. పిల్లి పడుకుంది. నాకు వినిపించింది.

"ఇప్పుడు కరెక్ట్ బస్సేనా నాయినమ్మా?"

"కరెక్టే బిడ్డా. ఇంటికి పొయ్యేది గిదే."

ఆ ఒక్క క్షణం నా గుండె నిండిపోయింది. ఇన్నాళ్లకు పిల్ల నా చేత్తో ఎక్కి, నా ఊళ్లో, నా దగ్గర దిగింది. నీలం పంపు నా గుప్పిట్లో ఉంది. సిరి తల నా భుజానికి ఆనించి, విస్తరి వైపు చూస్తూ చెప్పింది.

"అమ్మమ్మ గూడ ఎక్కింది నాయినమ్మా. కిటికీ పక్కకు కూసున్నది."

నా బస్సులో కూడా కిటికీ సీటు ఆమెకే. పాత మంట మళ్లీ లేచింది. ఊపిరి బిగబట్టాను. కాసేపటికి వదిలాను.

"కూసోనీ తియ్యి బిడ్డా. ఆడోళ్లకు టికెట్ లేదు గదా."